పాటల డబ్బా కొనేముందు: ఎన్ని జీబీలైతే సరిపోతుంది?

"అన్నా, ఎన్ని జీబీలది తీస్కోమంటవ్?" సెలవుల్లో హాస్టలుకు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది. టచ్ ఫోను మన హాస్టల్లో ఉంచుకోనివ్వరు. కాబట్టి పాటలకైనా, పాఠాలకైనా ఒక చిన్న ఎంపీత్రీ ప్లేయరో, చిప్పు పట్టే బటన్ ఫోనో కొనుక్కోవాలని చాలామందికి ఉంటుంది. కాస్మెటిక్ ఛార్జీల్లో మిగుల్చుకున్నదీ, పండక్కి ఇంటికెళ్తే అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చినదీ కలిపితేనే ఆ డబ్బు పోగవుతుంది. అది ఒక్కసారి పనికిరాని వస్తువు మీద పోయిందంటే మళ్లీ కూడబెట్టడానికి ఏడాది పడుతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగితే, కవిత కాకుండా ఈ లెక్క రాద్దామనుకున్నాను.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే కావడంతో, కరెంటుతో నడిచే ఏ వస్తువు కొన్నా మా వాడకట్టు వాళ్లు నన్నే పిలుస్తారు. ఆ అనుభవం కొంత, పుస్తకాల్లో చదివింది కొంత ఇక్కడ రాస్తున్నాను.

క్యాసెట్టు నుంచి చిప్పు దాకా

జేబులో పెట్టుకొని పాటలు వినడమన్నది 1979లో జపాన్‌కు చెందిన సోనీ కంపెనీ వాక్‌మన్‌ను తెచ్చాక ప్రపంచమంతా పాకింది. అందులో వేసేది క్యాసెట్టు. సీ-60 అనే క్యాసెట్టులో ఒక్కో వైపు ముప్పై నిమిషాలు, మొత్తం గంట. ఐదు నిమిషాల పాటలైతే పన్నెండు పడతాయి. మా నాన్న కాలంలో రికార్డింగ్ సెంటరుకు కాగితం మీద పన్నెండు పాటల పేర్లు రాసి ఇచ్చి, మూడు రోజులయ్యాక వెళ్లి తెచ్చుకునేవారట. ఏ పాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఇంట్లో తగాదాలు కూడా అయ్యేవట! చోటు తక్కువైతే ఎంపిక ఎక్కువ కావాలి. ఆ మాట ఇవాళ్టి చిప్పులకూ వర్తిస్తుంది.

ఆ తర్వాత వచ్చింది ఎంపీత్రీ. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దీని తయారీలో ముఖ్యులు. ఫైలు పేరు చివర 'ఎంపీత్రీ' అని పెట్టాలని నిర్ణయించింది 1995 జూలైలో. దీని కిటుకు చెవిలో ఉంది. డప్పు గట్టిగా మోగుతున్నప్పుడు పక్కనే ఉన్న గజ్జెల సవ్వడి మన చెవికి అందదు. అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అలా చెవికి అందని వాటిని వెతికి తీసేసి, అందేవాటిని మాత్రమే దాచిపెట్టడమే ఎంపీత్రీ చేసే పని. అందువల్ల పాట పరిమాణం పదో వంతుకు దగ్గరగా తగ్గిపోతుంది.

1998లో దక్షిణ కొరియా నుంచి ఎంపీమాన్ అనే ప్లేయర్ వచ్చింది. దాని మెమరీ 32 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ! మామూలు నాణ్యతతో అందులో అరగంట పాటలు మాత్రమే పట్టేవి, అంటే క్యాసెట్టులో సగం. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ 5 జీబీల ఐపాడ్‌తో వచ్చి, వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చని ప్రచారం చేసింది. 2022 మే నెలలో ఆ ఐపాడ్ తయారీని కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక పాటలకు వేరే డబ్బా ఎందుకని జనం అనుకున్నారు. ఫోను ఉంచుకోవడానికి వీల్లేని మనలాంటి వాళ్లకు మాత్రం ఆ డబ్బా అవసరం ఇంకా ఉంది.

అసలు లెక్క

దీనికి పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. ప్రతి ఎంపీత్రీ ఫైలుకూ 'బిట్ రేటు' అని ఒకటి ఉంటుంది. 128 కేబీపీఎస్ అంటే ఒక్క సెకను శబ్దానికి 128 వేల బిట్లు ఖర్చవుతాయని అర్థం. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 128ని 8తో భాగిస్తే 16. అంటే సెకనుకు 16 కిలోబైట్లు, నిమిషానికి 960 కిలోబైట్లు. ఇంచుమించు నిమిషానికి ఒక ఎంబీ అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఐదు నిమిషాల పాట 4.8 ఎంబీ అవుతుంది.

అదే పాట 320 కేబీపీఎస్‌లో ఉంటే 12 ఎంబీ. సీడీలో ఉన్నదున్నట్టు తీసుకుంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, రెండు చెవులకు వేరువేరుగా రాస్తారు కనుక నిమిషానికి పదిన్నర ఎంబీ దాటుతుంది. ఐదు నిమిషాల పాటకు సుమారు 53 ఎంబీ. ఈ మధ్య 'ఫ్లాక్' అనే పద్ధతి గురించి మాట్లాడుతున్నారు. అది ఏదీ పారెయ్యకుండా మడతపెట్టి దాస్తుంది. సీడీ పరిమాణంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. వంద రూపాయల ఇయర్‌ఫోన్లతో, రూములో ఇరవై మంది మాటల మధ్య వినేవాడికి ఫ్లాక్ ఎందుకో నాకు అర్థం కాదు. మన వినికిడికి 128 సరిపోతుంది, మంచి ఇయర్‌ఫోన్లుంటే 192 పెట్టుకోవచ్చు.

ఒక్క మాట. 128లో ఉన్న పాటను కంప్యూటర్లో 320కి మార్చితే బాగా వినిపిస్తుందని కొందరంటారు. అది నీళ్లు కలిపిన పాలను పెద్ద గిన్నెలో పొయ్యడం లాంటిది. గిన్నె పెద్దదవుతుంది, పాలు చిక్కబడవు. ఒకసారి పారేసిన శబ్దం తిరిగి రాదు.

ఇప్పుడు చిప్పుల లెక్క చూద్దాం. 128 కేబీపీఎస్‌తో 4 జీబీ చిప్పులో 830 పాటలు, 8 జీబీలో 1,660 పాటలు, 16 జీబీలో 3,300 పాటలు పడతాయి. 16 జీబీ నిండా పాటలుంటే మొత్తం 277 గంటలు. రోజుకు రెండు గంటలు వింటే, విన్న పాట మళ్లీ వినకుండా నాలుగున్నర నెలలు గడుస్తుంది! మూడు వేల పాటలు ఎక్కించుకొని చివరికి అవే నలభై పాటలు తిప్పి తిప్పి వినేవాళ్లను నేను చాలామందిని చూశాను.

పాఠాల సంగతి వేరు. మాటకు అంత నాణ్యత అక్కర్లేదు. 64 కేబీపీఎస్ మోనో అయితే గంటకు 28.8 ఎంబీ, 32 కేబీపీఎస్ అయితే అందులో సగం. నలభై నిమిషాల పాఠాలు సబ్జెక్టుకు నలభై చొప్పున ఆరు సబ్జెక్టులకు దాచుకున్నా, 64 కేబీపీఎస్‌లో 4.6 జీబీ మాత్రమే అవుతుంది. దానికి మూడు వందల పాటలు కలిపితే ఇంకో 1.44 జీబీ. మొత్తం ఆరు జీబీలు. అంటే మన హాస్టలు విద్యార్థికి 8 జీబీ సరిపోతుంది, 16 జీబీ అయితే ధారాళం. అంతకు మించి పెట్టే డబ్బు ఇయర్‌ఫోన్ల మీద పెట్టండి.

ఎనిమిది కొంటే ఏడున్నరే కనిపిస్తుందేం?

8 జీబీ చిప్పు కంప్యూటర్‌కు పెడితే 7.4 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని గొడవపడతారు. ఇందులో మోసం లేదు. చిప్పు చేసే కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, అంటే జీబీకి వంద కోట్ల బైట్లు. విండోస్ కంప్యూటరు 1,024 చొప్పున లెక్కపెడుతుంది. బైట్లు అవే, కొలపాత్ర వేరు. 16 జీబీ ఉంటే 14.9, 32 ఉంటే 29.8 కనబడటం మామూలే. 16 అని రాసి ఉన్న చిప్పు 14.5 కంటే బాగా తక్కువ చూపిస్తేనే అనుమానించాలి.

అసలు మోసం ఎక్కడుంది

అసలు మోసం తక్కువ చూపించే చిప్పులో కాదు, ఎక్కువ చూపించే చిప్పులో ఉంటుంది. నేను కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు మా రూములో చూపు సరిగా లేని జూనియర్ ఒకడుండేవాడు. చరిత్ర విద్యార్థి. పుస్తకం కంటికి ఆనించుకున్నా అక్షరం కూడేది కాదు. టచ్ ఫోను వాడికి చేతకాదు, తడిమితే దొరికే బటన్లున్న చిన్న ప్లేయర్ అయితేనే వాడగలడు. అందుకని రూములో అందరం వంతులవారీగా వాడి పుస్తకాలు గట్టిగా చదివి, ఫోనులో రికార్డు చేసి, వాడి చిప్పులో ఎక్కించేవాళ్లం. రాత్రి అన్నాలయ్యాక తలుపు మూసి, ఫ్యాను కూడా ఆపి చదివేవాళ్లం, ఫ్యాను గాలికి రికార్డింగులో బుస్సుమని చప్పుడు వస్తుందని. నాలుగు నెలల్లో నలభై పాఠాలయ్యాయి.

ఆ చిప్పు వాడు రోడ్డు పక్కన కొన్నది. మీద 512 జీబీ అని రాసి ఉంది. ధర రెండు వందల యాభై. అమ్మినవాడు ముందే ఏడు జీబీల దాకా పాటలూ సినిమాలూ నింపి ఇచ్చాడు. పరీక్షలకు పన్నెండు రోజుల ముందు వాడొచ్చి "అన్నా, 27వ పాఠం పలుకుతలేదు" అన్నాడు. 28 కూడా పలకలేదు. 29లో పాఠానికి బదులు గరగరమన్న చప్పుడు. పేర్లన్నీ కనబడుతున్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు.

కూర్చొని లెక్క వేశాం. ఒక్కో పాఠం నలభై నిమిషాలు, 128 కేబీపీఎస్, అంటే 38.4 ఎంబీ. ఇరవై ఆరు పాఠాలు దాదాపు ఒక జీబీ. ముందున్న ఏడు కలిపితే ఎనిమిది. అంటే ఆ చిప్పు నిజంగా 8 జీబీది! కంప్యూటర్లో పరీక్షిస్తే అదే తేలింది. ఫైళ్ల పేర్ల పట్టిక చిప్పు మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లు చెడవు. చిప్పులో ఉండే కంట్రోలర్ అనే చిన్న భాగం "నా దగ్గర 512 ఉంది" అని అబద్ధం చెప్పేలా మార్చి ఉంటుంది. ఎనిమిది నిండాక పంపించిన సమాచారం గాలిలో కలిసిపోతుంది, లేదా మొదట్నుంచి ఉన్న దాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. కాపీ చేసేటప్పుడు ఎక్కడా తప్పు చూపించదు. రెండు వందల యాభైకి 512 జీబీ ఎవరిస్తారు? అని ఇప్పుడనడం తేలికే. చూపు ఆననివాడు చిప్పు మీద రాసింది చదివి కొనలేదు, అమ్మినవాడు నోటితో చెప్పింది నమ్మి కొన్నాడు.

పద్నాలుగు పాఠాలు తొమ్మిది రాత్రుల్లో మళ్లీ చదివాం. వాడు ఆ పేపరు పాసయ్యాడు. మా గొంతులు మాత్రం వారం దాకా బాగుపడలేదు.

కనుక చిప్పు కొన్న రోజే పరీక్షించండి. కంప్యూటర్ ల్యాబు ఉంటే 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. అది చిప్పు నిండా సమాచారం రాసి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. 16 జీబీకి కొన్ని గంటలు కూడా పట్టవచ్చు, ఓపిక పట్టండి. అది లేకపోతే చిప్పును పూర్తిగా పాటలతో నింపి మొదటిదీ, మధ్యలోదీ, చివరిదీ వినండి. షాపులో కొని, బిల్లు తీసుకోండి. బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యవచ్చు. రోడ్డు పక్కన కొంటే ఎవరి మీద చెయ్యాలి?

ప్లేయరుకు పట్టే చిప్పేనా?

పెద్ద చిప్పు కొన్నంత మాత్రాన ప్లేయర్ దాన్ని చదవాలని లేదు. పాత ఎస్‌డీ రకం 2 జీబీ దాకా. ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా. ఆ పైన ఎస్‌డీఎక్స్‌సీ. చిన్న ప్లేయర్లు, బటన్ ఫోన్లు చాలావరకు 32 దగ్గరే ఆగిపోతాయి. 64 పెడితే 'కార్డు లేదు' అని చూపిస్తాయి, లేదా ఫార్మాట్ చెయ్యమంటాయి. అట్ట పెట్టె మీద ఎంత దాకా పడుతుందో రాసి ఉంటుంది, చదివి కొనండి.

ఇంకో చిక్కుంది. చవక ప్లేయర్లు పాటలను అక్షర క్రమంలో పలకవు, మనం కాపీ చేసిన వరుసలో పలుకుతాయి. పదో పాఠం ముందు కాపీ చేస్తే అదే ముందు వస్తుంది. కాబట్టి పేర్ల ముందు 001, 002 అని అంకెలు వేసి, ఆ వరుసలోనే ఒక్కొక్కటిగా కాపీ చెయ్యాలి. తెలుగులో పేరు పెడితే చాలా ప్లేయర్లలో గడులు గడులుగా కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోక తప్పదు, మన భాషకు ఆ తిప్పలు ఇంకా ఉన్నాయి. ఆపితే మళ్లీ ఆపిన చోటి నుంచే మొదలవుతుందా అన్నది షాపులోనే చూడండి. పాటకు పర్వాలేదు గానీ, నలభై నిమిషాల పాఠం ప్రతిసారీ మొదటికొస్తే విసుగొస్తుంది. అలాంటి ప్లేయర్ ఉంటే పాఠాన్ని పది నిమిషాల ముక్కలు చేసి పెట్టుకోండి.

బ్యాటరీ విషయం. పాతిక మందికి రెండు ప్లగ్గులుండే రూములో ఇది చాలా ముఖ్యం. బ్యాటరీ ఊడదీసి మార్చుకోగలిగిన రకం మేలు. మన దగ్గర చాలా చిన్న స్పీకర్లలో, రేడియోల్లో పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీయే పడుతుంది, ఏ సెల్ షాపులోనైనా దొరుకుతుంది. బ్లూటూత్ వాడితే ఛార్జింగు త్వరగా దిగిపోతుంది, వైరు ఇయర్‌ఫోన్లే నయం. ఆ వైరే ఎఫ్ఎం రేడియోకు ఏరియల్ కూడా. వైరు పీకేస్తే ఆకాశవాణి పలకకపోవడానికి కారణం అదే, రేడియో పాడైపోయిందని బాధపడకండి.

ఇక స్పీకరా, ప్లేయరా అంటే, హాస్టల్లో స్పీకర్ వద్దని నా అభిప్రాయం. ఒకరి పాట పక్కవాడి చదువుకు అడ్డం.

ఏమి నింపాలి

సెల్ షాపుల్లో ఇరవై, ముప్పై తీసుకొని చిప్పు నింపి ఇస్తారు. అందులో సగం మనం ఎన్నడూ వినని పాటలు, దానికి తోడు వైరస్‌లు. ఆ పాటలకు హక్కుదారులు కూడా ఉంటారని మరవద్దు. చిప్పు ఖాళీగా తీసుకోండి.

మన సార్లు, మేడములు చెప్పే పాఠాన్ని అనుమతి అడిగి రికార్డు చేసుకోవచ్చు. అడగకుండా చెయ్యకూడదు. 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. ఇంట్లో టీవీ లేని పిల్లలు పక్కింటి కిటికీ దగ్గర నిలబడి విన్నారు. కనబడకపోయినా వినబడితే సగం పాఠం అందుతుందని అప్పుడే తెలిసింది. చూపు లేనివారి కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. అచ్చు పుస్తకం చదవలేని విద్యార్థులు మన హాస్టల్లో ఎవరున్నా అందులో పేరు నమోదు చేయించండి. మా జూనియర్‌కు ఆ సంగతి డిగ్రీ చివరి ఏడాదిలో గానీ తెలియలేదు.

చెవుల గురించి రెండు మాటలు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని పెద్దవాళ్లు వారానికి 40 గంటలు, పిల్లలైతే 75 డెసిబెల్స్‌ను 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్లేయర్లు డెసిబెల్స్ చూపించవు. సౌండును సగానికి కొంచెం పైన ఆపండి. పక్కవాడు మామూలుగా పిలిస్తే వినబడాలి. విని విని రాత్రి చెవిలో గుయ్యిమంటుంటే ఎక్కువైందని అర్థం.

చివరగా, ఏ చిప్పూ శాశ్వతం కాదు. నీళ్లలో పడొచ్చు, విరగొచ్చు, ఒకనాడు ఉన్నట్టుండి పలకకపోవచ్చు. సినిమా పాట పోతే మళ్లీ దొరుకుతుంది. ఎక్కడా దొరకనివి కొన్నుంటాయి. మా నాయనమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటలు ఆమె నోట్లో తప్ప ఎక్కడా లేవు. రెండేళ్ల కింద సంక్రాంతి సెలవుల్లో కూర్చోబెట్టి మొత్తం రికార్డు చేశాను. మూడు గంటలు, 128 కేబీపీఎస్, 173 ఎంబీ. ఒకటి నా చిప్పులో, ఒకటి మా చెల్లె ఫోనులో, ఒకటి యూనివర్సిటీలో నా స్నేహితుడి కంప్యూటర్లో పెట్టాను. మీ ఇళ్లలోనూ పాడేవాళ్లుంటే, కొన్న 8 జీబీలో ముందుగా 200 ఎంబీ వాళ్ల కోసం వదలండి.